చలికాలంలో ఇంగ్లండ్ పల్లె చుట్టూ నడక: ఐదు పాత ఊళ్లలో మీకు ఏది సరిపోతుంది?

ఏటా నవంబరు వచ్చిందంటే నాకు ఈ ఫోన్లు మొదలవుతాయి. "అమ్మానాన్నలు వచ్చారు, ఏదైనా పాత ఊరు చెప్పు, చుట్టూ కాసేపు నడిచి వస్తాం" అని. చాలామంది అప్పటికే ఫొటోలు చూసి ఒక ఊరు ఖాయం చేసుకుని ఉంటారు. ఆ ఫొటో జూన్‌లో తీసింది. జనవరిలో కూడా ఆ ఇళ్లు అలాగే ఉంటాయి కానీ ఊరి చుట్టూ ఉన్న దారి అలా ఉండదు. అందుకే నేను ముందు అడిగేది "వారం రోజులుగా అక్కడ వాన పడిందా?" అని. రెండోది "అక్కడి నేల ఏ రకం?" అని. ఆ రెండు తెలిశాకే ఊరి పేరు.

ఈ సంగతి నాకు నేర్పింది నాన్న. రెండేళ్ల కిందట జనవరిలో అమ్మనీ నాన్ననీ సఫోక్ కౌంటీలోని లావెనమ్ తీసుకెళ్లాను. 500 ఏళ్ల కిందట నీలం రంగు ఉన్ని బట్ట నేసి ఇంగ్లండ్‌లోని సంపన్న పట్టణాల సరసన నిలిచిన ఊరు అది. తర్వాత వ్యాపారం పడిపోయింది. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. అందుకే ఆ కాలపు కర్రచట్రాల ఇళ్లు వీధులకు వీధులే మిగిలిపోయాయి. పచ్చి ఓక్ కర్రతో కట్టినవి కావడంతో ఆరేకొద్దీ మెలితిరిగి, ఒక ఇల్లు పక్కింటి భుజం మీద వాలినట్టు కనిపిస్తుంది. 1530 ప్రాంతంలో కట్టిన గిల్డ్‌హాల్ అనే సంఘ భవనం, 141 అడుగుల చర్చి గోపురం చూసి అమ్మ మురిసిపోయింది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఊరి చివర గేటు తీసి పొలంలో కాలిబాట పట్టాం.

మాది పర్చూరు వైపు పల్లె. మిర్చి, శనగ పండే నల్లరేగడి. నాన్న గేటు దగ్గరే ఆగి వంగి కాస్త మట్టి తీశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దితే అది పొడవాటి నాడాలా సాగింది తప్ప తెగలేదు. "అమ్మాయ్, ఇది మన రేగడికి అన్న. రంగు వేరు, గుణం అదే. దిగామంటే కాలు వదలదు" అన్నాడు. నేను వినలేదు. మూడు మైళ్ల నడకేగా అనుకున్నాను. అర మైలు వెళ్లేసరికి బూట్ల కింద మట్టి పళ్లేలంత అంటుకుంది. ఒకచోట అమ్మ కాలు బయటికి వచ్చింది, బూటు లోపలే ఉండిపోయింది. దాన్ని లాగి, తడిసిన మేజోడుతోనే తొడిగి వెనక్కి తిరిగాం. కారు దగ్గరికి చేరేసరికి నాలుగు కూడా కాలేదు, చీకటి కమ్ముకోవడం మొదలైంది. అరవై ఐదేళ్ల మనిషిని ఆ చలిలో ఆ తడి కాలితో నడిపించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటినుంచి చలికాలంలో ఒక్కో ఊరు తిరిగి, ఏ నేల ఏ వాతావరణంలో ఎలా ఉంటుందో చూస్తూ వస్తున్నాను. కింద చెప్పేవన్నీ నేను నడిచిన దారులే.

ముందు పొద్దు లెక్క చూసుకోండి. డిసెంబరు మూడో వారంలో లండన్‌లో సూర్యుడు ఉదయం 8 దాటాక వస్తాడు, సాయంత్రం 4 కొట్టకముందే వెళ్లిపోతాడు. ఉత్తరాన షెఫీల్డ్ వైపు పగలు ఇంకో పావుగంటకు పైనే తక్కువ. మబ్బు పట్టిన రోజైతే మూడింటికే అడవి దారుల్లో రాళ్లు కనిపించవు. కాబట్టి నడకకి నిజంగా దొరికేది పది నుంచి రెండున్నర దాకానే. ఎండాకాలం గంటకి రెండున్నర మైళ్లు నడిచేవాళ్లు బురదలో ఒకటిన్నర నడిస్తే గొప్ప. ఆ లెక్కన చలికాలానికి నాలుగు మైళ్లు నిండు నడక, ఐదు మైళ్లు పెద్ద నడక. జనవరి చివరికి మళ్లీ గంటకు పైనే వెలుగు కలిసొస్తుంది. తొందర లేనివాళ్లు డిసెంబరు కంటే ఫిబ్రవరి ఎంచుకోవడం మేలు.

షియర్: కారు లేనివాళ్లకి

లండన్‌లో ఉండి, కారు లేకుండా, ఒక్క రోజులో వెళ్లి రావాలంటే నా ఓటు సర్రే కౌంటీలోని షియర్‌కే. గిల్‌ఫర్డ్ నుంచి డోర్కింగ్ వైపు వెళ్లే చిన్న రైలు మార్గంలో గోమ్‌షల్ అనే స్టేషన్ ఉంది. అక్కడ దిగి మైలు నడిస్తే ఊరు. రైళ్లు తరచుగా ఉండవు కాబట్టి తిరుగు రైలు టైం ముందే చూసి పెట్టుకోవాలి.

ఊరి మధ్య నుంచి టిల్లింగ్‌బోర్న్ అనే వాగు పారుతుంది. పక్కన సెయింట్ జేమ్స్ చర్చి. లోపల ఉత్తరం గోడలో రెండు చిన్న కంతలు కనిపిస్తాయి. ఒకటి నాలుగు రేకుల పువ్వు ఆకారంలో, రెండోది ఏటవాలుగా. 1329లో క్రిస్టీన్ కార్పెంటర్ అనే యువతి ఆ గోడకి ఆనించి కట్టిన గదిలో బతికినంతకాలం ప్రార్థన చేసుకుంటూ ఉండిపోతానని మొక్కుకుని లోపలికి వెళ్లింది. ఆమెకి బయటి లోకం ఆ కంతలే. కొన్నాళ్లకి ఉండలేక బయటికి వచ్చేసింది. 1332లో తనని మళ్లీ లోపలికి పంపమని వేడుకుంది. ఎందుకు వచ్చిందో, ఎందుకు తిరిగి వెళ్లాలనుకుందో ఆలోచిస్తూ ఆ ఏటవాలు కంత ముందు నిలబడితే అక్కణ్ణించి కదలబుద్ధి కాదు.

ఇక నేల సంగతి. షియర్‌కి ఉత్తరాన సుద్దకొండలు, దక్షిణాన ఇసుకరాతి నేల. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. దక్షిణం వైపు, ఆల్బరీ హీత్ మీదుగా తిరిగే దారి వాన వెలిసిన కాసేపటికే నడవడానికి వీలవుతుంది. బాపట్ల, చీరాల వైపు ఇసుక భూముల్లో నీళ్లు నిలవవు చూడండి, అదే గుణం. పైన్ చెట్ల మధ్య మెత్తగా ఉండే బాట. ఉత్తరం వైపు కొండెక్కితే లోయంతా కనిపిస్తుంది, దారి పక్కన 1940లో జర్మన్లు దిగుతారని కట్టిన కాంక్రీటు కాపలా గదులు కూడా ఉంటాయి. కానీ ఆ కొండ పైచదునులో సుద్ద మీద చెకుముకి రాళ్లు కలిసిన బంకమట్టి పరుచుకుని ఉంటుంది. గుర్రాలు తొక్కిన చోట మోకాలి కింద దాకా దిగబడుతుంది. వానల తర్వాత దక్షిణం, వారం రోజులు ఎండ కాస్తే ఉత్తరం.

లేకాక్: మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో

విల్ట్‌షర్‌లోని లేకాక్‌లో ఉన్నవి నాలుగే నాలుగు వీధులు. 1944లో మటిల్డా టాల్‌బట్ అనే ఆవిడ మఠాన్నీ ఊరినీ కలిపి, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థకి రాసిచ్చేసింది. అప్పటినుంచి ఊరి రూపు దాదాపు మారలేదు. గడప దాటగానే రెండు మూడు వందల ఏళ్లు వెనక్కి వెళ్లినట్టు ఉంటుంది. ఊరి పక్కన ఉన్న మఠాన్ని 1232లో ఈలా అనే సాలిస్‌బరీ కౌంటెస్ సన్యాసినుల కోసం కట్టించింది. ఆ మఠం తర్వాత ఇల్లుగా మారింది. 1835 ఆగస్టులో ఆ ఇంటి యజమాని విలియం హెన్రీ ఫాక్స్ టాల్‌బట్ అక్కడి కిటికీని ఒక చిన్న కాగితం ముక్క మీద పట్టాడు. ఇప్పటికి మిగిలిన కెమెరా నెగటివ్‌లలో అదే అన్నిటికన్నా పాతది, తపాలా బిళ్లంత ఉంటుంది. ఆ కిటికీ ఇప్పటికీ ఉంది. చేతిలో ఫోన్ పట్టుకుని దాని ఎదుట నిలబడినప్పుడు మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

నడక చిన్నది. చర్చి వీధి చివర బైడ్ బ్రూక్ అనే వాగు రోడ్డుకి అడ్డంగా పారుతుంది. పక్కన కాలినడక వంతెన దాటి, పొలంలో పరిచిన బాట వెంట రేబ్రిడ్జ్ అనే చిన్న వాడకి వెళ్లి రావచ్చు. పోనూ రానూ ఒకటిన్నర మైలు ఉంటుందేమో. బాట గట్టిగా ఉండటంతో మోకాళ్ల నొప్పులున్నా చేతికర్రతో నెమ్మదిగా వెళ్లొచ్చు. తిరుగు దారిలో మాత్రం ఏవన్ నది పక్క పచ్చిక మీదుగా రావాలన్న ఆశ వద్దు. పటం మీద ఆ గుండ్రటి దారి అందంగానే కనిపిస్తుంది. కానీ చలికాలంలో ఏవన్ పొంగి ఆ పచ్చికను ముంచేస్తుంది, నీరు తీశాక కూడా వారాల తరబడి అడుసే. వెళ్లిన దారినే తిరిగి రండి. ఫిబ్రవరిలో వెళ్తే మఠం తోటలో స్నోడ్రాప్ పూలు తెల్లగా నేలంతా పరుచుకుని ఉంటాయి. అమ్మకి అన్నిటికంటే నచ్చింది అదే.

నడకే ముఖ్యం అనుకునేవాళ్లకి లేకాక్ చాలదు. ఊరు చూడటం ముప్పావు వంతు, నడక పావు వంతు. కారు లేకపోతే చిపెన్‌హమ్ దాకా రైలు, అక్కణ్ణించి బస్సు.

దగ్గర్లోనే ఉన్న కాజిల్ కూంబ్ గురించి చాలామంది అడుగుతారు. ఊరు ముచ్చటైనదే. కానీ లోతైన ఇరుకు లోయలో ఉండటంతో చలికాలపు ఎండ అక్కడికి ఆలస్యంగా వచ్చి త్వరగా వెళ్లిపోతుంది, లోయ అడుగు దారులు ఆరవు. దాన్ని మే నెలకి దాచుకోండి.

ఏవ్‌బరీ: పిల్లలతో, విశాలమైన ఆకాశం కావాలంటే

ఇదీ విల్ట్‌షరే, కానీ తీరు పూర్తిగా వేరు. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతి వలయం లోపల ఒక ఊరు ఉంది. రోడ్డు, పబ్బు, ఇళ్లు, గొర్రెలు, వాటి మధ్య 4,500 ఏళ్ల నాటి నిలువురాళ్లు. స్టోన్‌హెంజ్ దగ్గర తాడు అవతలే నిలబడి చూడాలి. ఇక్కడ రాయిని చేత్తో తాకొచ్చు, వీపు ఆనించి కూర్చోవచ్చు. రాళ్లు చూడటానికి టికెట్ లేదు, కారు పార్కింగ్‌కి మాత్రం కట్టాలి. కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్ల తిప్ప చూసినవాళ్లకి ఇక్కడ అడుగు పెట్టగానే ఏదో తెలిసినచోటికి వచ్చినట్టు అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించింది.

వలయం చుట్టూ తవ్విన కందకం మొదట్లో దాదాపు 9 మీటర్ల లోతు. ఇనుము లేని కాలం. దుప్పి కొమ్ములతో సుద్దను పెళ్లగించి పోశారు. 18వ శతాబ్దంలో ఊళ్లోవాళ్లు చాలా రాళ్లని పగలగొట్టారు. చుట్టూ మంట పెట్టి రాయి బాగా వేడెక్కాక చన్నీళ్లు పోస్తే పగుళ్లిచ్చేది. ఆ ముక్కలే ఇళ్ల గోడల్లోకి వెళ్లాయి. వీధిలో నడుస్తూ ఇళ్ల పునాదులు గమనించండి, అక్కడక్కడా ఆ నిలువురాళ్ల రకమే, బూడిదరంగు సార్సెన్ రాయి కనిపిస్తుంది. మిగిలిన రాళ్లని 1930లలో అలెగ్జాండర్ కీలర్ తిరిగి నిలబెట్టాడు. నారింజ మార్మలేడ్ వ్యాపారం ఉన్న కుటుంబం, ఆ డబ్బుతోనే ఇక్కడ తవ్వకాలు చేయించాడు. 1938లో ఒక రాయి కింద మధ్యయుగం నాటి మనిషి ఎముకలు, వాటి పక్కన కత్తెర, నాణేలు దొరికాయి.

నడక నాలుగైదు మైళ్లు. ఊరి నుంచి రెండు వరుసల రాళ్ల మధ్య వెస్ట్ కెనెట్ అవెన్యూ వెంట వెళ్లి, అక్కణ్ణించి వెస్ట్ కెనెట్ లాంగ్ బారో అనే 5,600 ఏళ్ల నాటి సమాధి దిబ్బకి ఎక్కి, సిల్బరీ కొండ పక్కగా తిరిగి రావాలి. సిల్బరీ కొండ మనుషులు పోసింది. యూరప్‌లో ఆ కాలపు కట్టుదిబ్బల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. ఎక్కనివ్వరు, కింది నుంచే చూడాలి. వానలు గట్టిగా పడిన చలికాలంలో దాని చుట్టూ ఉన్న పల్లంలో నీళ్లు నిండి కొండ చెరువులో నిలబడినట్టు కనిపిస్తుంది. ఆ దృశ్యం ఎండాకాలం వచ్చేవాళ్లకి దొరకదు.

సుద్దనేలలో నీళ్లు లోపలికి ఇంకిపోతాయి, బురద తక్కువ. అది మంచి సంగతి. కానీ తడిసిన సుద్ద సబ్బు రుద్దినట్టు జారుతుంది, ఏటవాలులో దిగేటప్పుడు పిల్లల చెయ్యి వదలకండి. ఇంకొకటి, కెనెట్ నది పుట్టే చోటు ఇది. ఎండాకాలం ఎండిపోయి, నేలలో నీటిమట్టం పెరిగాక చలికాలంలో మళ్లీ పారే వాగులు ఇక్కడివి. అందువల్ల సిల్బరీ నుంచి ఊరికి ఏటి పక్కగా వచ్చే దారి మునిగి ఉండొచ్చు. ఆ రోజు వాన లేకపోయినా సరే, అంతకుముందు నెలలో పడింది ఇప్పుడు పైకి వస్తుంది. నీళ్లు కనిపిస్తే వాడెన్ కొండ మీదుగా తిరిగి రండి.

గాలి మాత్రం దారుణం. చాటు ఎక్కడా లేదు. థర్మామీటరు 4 డిగ్రీలు చూపించినా ముఖానికి తగిలేది అంతకంటే బాగా తక్కువ. చెవులు మూసే టోపీ లేకుండా ఎవర్నీ కారు దిగనివ్వకండి. స్విండన్ నుంచి డివైజెస్ వైపు వెళ్లే బస్సు ఊళ్లోనే ఆగుతుంది.

ఈమ్: ఒక్కటే నడక, ఎప్పటికీ గుర్తుండిపోవాలంటే

రాత చూసి ఏయమ్ అని పలుకుతారు చాలామంది. బస్సులో అలా అడిగితే డ్రైవరుకి అర్థం కాకపోవచ్చు. ఊరి పేరు ఈమ్. డర్బీషర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ కొండల మీద ఉంది. షెఫీల్డ్ నుంచి బస్సు ఉంది. గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్‌లో దిగి కొండెక్కి నడిచి వచ్చేవాళ్లూ ఉన్నారు, కానీ చలికాలపు పొద్దులో అది ఆ రోజంతా తినేస్తుంది.

1665 ఆగస్టు చివర్లో లండన్ నుంచి ఈ ఊరి దర్జీ ఇంటికి ఒక బట్టల మూట వచ్చింది. దారిలో తడిసింది. జార్జ్ వికర్స్ అనే పనివాడు దాన్ని విప్పి పొయ్యి ముందు ఆరేశాడు. బట్టల్లో ఉన్న గోమార్లతో ప్లేగు వచ్చింది. సెప్టెంబరు 7న అతను చనిపోయాడు. తర్వాత ఇంటింటికీ పాకింది. 1666 వేసవిలో ఊరి పాస్టరు విలియం మాంపెసన్, అంతకుముందు అక్కడ పాస్టరుగా ఉండి పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ, తమ మధ్య ఉన్న మతభేదాలు పక్కన పెట్టి ఊరిని ఒక మాట మీదికి తెచ్చారు. ఎవరూ ఊరు దాటకూడదు. ఎవరి మనుషుల్ని వాళ్లే తమ పొలాల్లో పాతిపెట్టుకోవాలి. ప్రార్థన చర్చిలో కాదు, ఆరుబయట లోయలో దూరదూరంగా నిలబడి. 14 నెలల్లో 260 మంది పోయారు. మాంపెసన్ భార్య క్యాథరిన్ కూడా ఆ ఆగస్టులోనే పోయింది. ఆమె సమాధి చర్చి ఆవరణలో ఉంది.

ఊరి తూర్పు వైపు లిడ్‌గేట్ వీధి నుంచి పొలాల మీదుగా స్టోనీ మిడిల్టన్ వైపు దిగే బాట పడితే పావుగంటలో పొలిమేర రాయి వస్తుంది. మోకాలెత్తు బండ. పైన ఆరు గుంతలు. ఊరివాళ్లు ఆ గుంతల్లో వినిగర్ పోసి అందులో నాణేలు వేసేవాళ్లు. పక్క ఊరివాళ్లు తిండి సరుకులు అక్కడ పెట్టి, నాణేలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. మేం వెళ్లిన రోజు గుంతల్లో వాననీళ్లు, పైన పలచగా మంచు పొర, కింద ఎవరో వేసి వెళ్లిన రెండు రాగి నాణేలు. నాన్న చేతి తొడుగు తీసి ఒక గుంత అంచు చుట్టూ వేలు తిప్పాడు. వేళ్లు తగిలి తగిలి ఆ అంచు రోలు నోరులా నున్నగా అయిపోయింది. "మనం పొలిమేరలో పోలేరమ్మని నిలబెట్టేది జబ్బు ఊళ్లోకి రాకుండా. వీళ్లు రాయి పెట్టింది జబ్బు ఊరు దాటి పోకుండా" అన్నాడు. ఆ తర్వాత ఊళ్లోకి వచ్చేదాకా మా ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు.

ఊరికి తూర్పున అర మైలు దూరంలో రైలీ సమాధులున్నాయి. పొలం మధ్య గుండ్రటి రాతి గోడ, లోపల ఏడుగురి పేర్లు. ఎలిజబెత్ హ్యాన్‌కాక్ అనే తల్లి 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ ఒక్కత్తే మోసుకెళ్లి అక్కడ పాతిపెట్టింది. జనం లేని జనవరి ఉదయం, ఆకు లేని చెట్ల మధ్య ఆ గోడ దగ్గరికి వెళ్లడం వేరు. ఎండాకాలం సందడిలో అది దొరకదు. ఈమ్‌ని చలికాలంలోనే చూడమని నేను పట్టుబట్టడానికి కారణం అదే.

నేల విషయంలో ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. ఊరు సున్నపురాతి మీద ఉంది. జనం నడిచి నడిచి నునుపెక్కిన సున్నపురాయి తడిస్తే అద్దంలా జారుతుంది. అందుకని పొలిమేర రాయి దాకా వెళ్లి వెనక్కి రండి, అక్కణ్ణించి స్టోనీ మిడిల్టన్‌లోకి దిగే నిటారు బాట తడి రోజుల్లో వద్దు. రైలీ వైపు దారి గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్లు కూడా మెల్లగా రాగలరు. ఉత్తరాన మాంపెసన్ బావి, దాని పైన 429 మీటర్ల సర్ విలియం హిల్, అక్కడి బీడు కొండలు గట్టివాళ్లకే. మంచు కురుస్తుందని చెప్పిన రోజు, పొగమంచు దిగిన రోజు పైకి పోకండి. పొలిమేర రాయి, రైలీ రెండూ కలిపితే మూడు మైళ్లు, మూడు గంటలు. ఊళ్లోని మ్యూజియం చలికాలంలో మామూలుగా మూసి ఉంటుంది. కానీ ఎవరెవరు పోయారో ఇళ్ల ముందు పలకల మీద రాసి ఉంటుంది, చర్చి లోపలా వివరాలున్నాయి.

ఇంతకీ ఏది?

మోకాళ్ల నొప్పులుంటే ఇంకో ఆలోచన లేకుండా లేకాక్. కారు లేని విద్యార్థులకి, కొత్తగా వచ్చిన జంటలకి షియర్. పదేళ్లలోపు పిల్లలుంటే ఏవ్‌బరీ, వాళ్లు రాళ్ల మధ్య పరిగెడుతుంటే మీకూ కాస్త ఊపిరి ఆడుతుంది. అన్నీ ఒకసారి చూసేసినవాళ్లకి, లేదా ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్లకి ఈమ్. వారం పాటు వానలు పడ్డాక వెళ్లక తప్పకపోతే ఎవరికైనా సరే షియర్ దక్షిణం దారి ఒక్కటే చెబుతాను. ఐదింట్లో దేన్నయినా పబ్బులో భోజనం కోసమే ఎంచుకుంటున్నారంటే ఫోన్ చేసి వంటగది ఎన్నింటికి మూస్తారో అడగండి. చలికాలం చాలాచోట్ల రెండున్నరకే ఆపేస్తారు. మేం పులిహోర, ఫ్లాస్కులో అల్లం టీ పట్టుకెళ్తాం. చల్లబడినా పులిహోర రుచి పోదు, చేతి తొడుగు తీయకుండా చెంచాతో తినొచ్చు.

కాలికి చీలమండ దాకా పట్టే వాకింగ్ బూట్లు ఉండాలి. రబ్బరు బూట్లు లేకాక్ లాంటి చిన్న నడకకి చాలు, ఈమ్ రాళ్ల మీద జారతాయి. జీన్స్ వద్దు, తడిస్తే సాయంత్రం దాకా ఆరవు. ఊలు మేజోళ్లు ఇంకో జత సంచిలో వేసుకోండి. అమ్మ బూటు ఊడిన రోజున అది ఉంటే ఎంత బాగుండేదో. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, కాబట్టి ఆర్డినెన్స్ సర్వే అనే ప్రభుత్వ పటాల సంస్థ వేసే ఎక్స్‌ప్లోరర్ కాగితం పటం ఒకటి దగ్గర పెట్టుకోండి. అందులో ఆకుపచ్చ చుక్కగీతలు జనం నడిచే హక్కున్న దారులు, పొలం ప్రైవేటుదైనా సరే. గేట్ల మీద పసుపు బాణం గుర్తు కనిపిస్తే అది కాలిబాట. డిసెంబరు 25న రైళ్లు నడవవు, మర్నాడు కూడా బాగా తక్కువ.

లావెనమ్ సంగతి మిగిలింది. వీధులు, గిల్డ్‌హాల్, చర్చి చూడటానికి ఏ రోజైనా వెళ్లండి. నడవాలంటే లాంగ్ మెల్‌ఫర్డ్ వైపు పాత రైలు కట్ట మీద బాట ఉంది, పొలాల కంటే అది చాలా నయం. పొలాల్లో దారికి మాత్రం ఒకే ఒక్క అదును ఉంది. వరసగా రెండు మూడు రాత్రులు గట్టిగా గడ్డకట్టే చలి పడాలి. అప్పుడు ఆ బంకమట్టే ఇటుకలా బిగుసుకుపోతుంది. ఎండ పైకొచ్చాక పైపొర కరిగి మళ్లీ జారుడు మొదలవుతుంది కాబట్టి ఉదయమే వెళ్లి రావాలి.

ఈ జనవరిలో నాన్న మళ్లీ వచ్చాడు. మూడు రాత్రులు సున్నా కంటే బాగా కిందికి పడింది. నాలుగో రోజు తెల్లవారుజామునే బయల్దేరి తొమ్మిదింటికల్లా అదే ఊరి చివర, అదే గేటు దగ్గర నిలబడ్డాం. దుక్కి చాళ్ల మీద తెల్లటి మంచు, ఆకాశం శుభ్రంగా నీలంగా ఉంది. అమ్మ బూట్ల లేసులు రెండోసారి బిగించుకుంది. నాన్న ఈసారి వంగి మట్టి తీయలేదు. మడమతో నేల మీద రెండుసార్లు గట్టిగా తన్నాడు. టక్కుమని చప్పుడైంది.

"ఇప్పుడు పదండి. పన్నెండు లోపల తిరిగొచ్చేద్దాం" అన్నాడు.